ఇంటర్నెట్లో మన పేరు: పట్టానా, కౌలా?

ఇది పెద్ద పోస్టు. దింపు పని లేని రోజు తీరిగ్గా కూచుని చదవండి.

ఈమధ్య మన వైపు పిల్లలు చదువులు అయ్యాక సొంతంగా వెబ్‌సైట్లు పెడుతున్నారు. ఒకరు పూతరేకులు, ఒకరు మామిడి తాండ్ర, ఒకరు గానుగ కొబ్బరి నూనె, ఇంకొకరు కొబ్బరి మొక్కలు. మధ్యలో దళారీ లేకుండా హైదరాబాదుకి, బెంగళూరుకి, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి నేరుగా అమ్ముకోవాలని. చాలా మంచి పని. అయితే వెబ్‌సైట్ పెట్టాలంటే ముందు ఒక పేరు తీసుకోవాలి. డొమైన్ పేరు అంటారు దాన్ని. చివర డాట్ కామ్ అనో డాట్ ఇన్ అనో ఉంటుంది చూడండి, అదే. ఏడాదికి కొన్ని వందల రూపాయలు కడితే వచ్చేస్తుంది. కట్టగానే అందరూ అనే మాట ఒకటే: "పేరు కొన్నాం."

కొన్నామా నిజంగా? అక్కడే రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి, ఆ పేరు ఎవరిది? రెండు, పేరు తీసుకునేటప్పుడు మనం రాసిచ్చిన ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఎవరెవరి కళ్ళ పడతాయి? ఈ రెండు ప్రశ్నలకీ నలభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో మన తెలుగువాళ్ళు కోర్టుకెక్కి గెలిచిన కథలూ ఉన్నాయి. పట్నం వాళ్ళ కన్నా ఇది మనకే తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం. ఎంచేతంటే దస్తావేజు, కౌలు, బినామీ, ఈసీ, ఈ మాటల మధ్యే కదండీ మన తాతల కాలం నుంచీ బతుకుతున్నాం.

పుస్తకం ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది

పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 1984 జనవరిలో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయింది. అప్పటిదాకా ఊళ్ళో భూమి దున్నేవాడిదో కొన్నవాడిదో అనుకునేవాళ్ళం గానీ, అసలు బలం కరణం గారి పుస్తకంలో ఉండేది. అడంగల్లో పేరు మారితే చేలో నిలబడ్డవాడు కూడా పరాయివాడైపోయేవాడు. మంచి కరణాలు లేరని కాదు. మంచివాడైనా చెడ్డవాడైనా పుస్తకం ఆయన దగ్గరుంది, అదీ సంగతి.

దస్తావేజుల సంగతి వేరు. ఇప్పటికీ నడుస్తున్న రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. మనం అమలాపురమో, రాజోలో, కొత్తపేటో వెళ్ళి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేయించుకునేదంతా ఆ చట్టం కిందే. అందులో 57వ సెక్షను చాలామంది చూసి ఉండరు. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకాన్ని ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు. పొలం కొనబోయేవాడికి ఆ పొలం చరిత్ర తెలియాలి కాబట్టి. మనం తీసే ఈసీకి ఆధారం అదే. కానీ వీలునామాలు ఎక్కించే 3వ పుస్తకం అలా కాదు. రాసినవాడు బతికుండగా పరాయివాడికి దాని నకలు ఇవ్వరు. స్థిరాస్తితో సంబంధం లేని కాగితాలు ఎక్కించే 4వ పుస్తకం నకలు ఆ కాగితంతో సంబంధం ఉన్నవాళ్ళకే.

గమనించారా? నూట పదిహేనేళ్ళు దాటిన చట్టానికే ఒక వివేకం ఉంది. ఏది ఊరందరికీ తెలియాలి, ఏది ఇంటి లోపల ఉండాలి అని పుస్తకాలు విడగొట్టి పెట్టారు. ఇంటర్నెట్ మొదలుపెట్టిన మహానుభావులు ఆ విడగొట్టే పని చెయ్యలేదు. గొడవంతా అక్కడ పుట్టింది.

1982: అందరి అడ్రసులూ ఒకే పుస్తకంలో

ఇంటర్నెట్‌కి తల్లివేరు ఆర్పానెట్. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో యూనివర్సిటీల కంప్యూటర్లని కలిపిన వల అది. దాని పేర్ల పుస్తకం కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉండేది. ఆ ఆఫీసుని నడిపింది ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ. కొత్త కంప్యూటరుకి పేరు కావాలంటే ఆఫీసు వేళల్లో ఫోన్ చేసి అడగాలి. అచ్చం కరణం గారి అరుగే.

1982లో ఒక నియమం రాశారు. ఈ వలలో పని చేసే ప్రతి మనిషీ పూర్తి పేరు, పోస్టు అడ్రసు, ఫోన్ నంబరు, మెయిల్ అడ్రసు ఇవ్వమని. ఎవరైనా అడిగితే ఆ వివరాలు చూపించే పద్ధతికి 'హూ ఈజ్' అని పేరు పడింది. వీడెవడు అని అడగడమే. అప్పుడు ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. ఉన్నదంతా ఒకరినొకరు ఎరిగున్న పరిశోధకులు. ఏదైనా మిషను మొరాయిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియాలి, అంతే. మన ఊళ్ళో పంపుసెట్టు కాలిపోతే మెకానిక్ నంబరు గోడ మీద రాసుకోమూ, అలాగ.

1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఇప్పుడున్న డొమైన్ పేర్ల పద్ధతి తయారు చేశాడు. 1985 మార్చి 15న మొదటి డాట్ కామ్ పేరు నమోదైంది, సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీది. అప్పట్లో పైసా లేదు. పేరు అడిగితే ఇచ్చేవారు. 1995 సెప్టెంబరులో మొదటిసారి రుసుము పెట్టారు, రెండేళ్ళకి 100 డాలర్లు. పోరంబోకు మేతకి శిస్తు వేసినట్టు అయింది. శిస్తు పడిందంటే ఆ నేలకి విలువ వచ్చిందన్నమాట. విలువ వచ్చాక ఆక్రమణదారులూ వస్తారు కదా. వచ్చారు.

1998లో ఐకాన్ అనే సంస్థ పుట్టింది. ఇప్పటి ఏర్పాటు దాని కిందే. మన భాషలో చెప్తాను. పైన ఐకాన్ రెవెన్యూ బోర్డు లాంటిది. దాని కింద ఒక్కో చివరి పేరుకి ఒక్కో ఎస్టేటు. డాట్ కామ్ ఎస్టేటుని వెరిసైన్ అనే అమెరికా కంపెనీ చూస్తుంది. మన దేశపు డాట్ ఇన్ ఎస్టేటుని నిక్సీ చూస్తుంది, 2003లో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ అది. వాళ్ళ కింద పేర్లు ఇచ్చే రిజిస్ట్రార్ కంపెనీలు. వీళ్ళు కరణాల్లాగ. అందరికన్నా కింద మనం.

మనం పట్టాదారులం కాదు, కౌలుదారులం. ఒక ఏడాది నుంచి పదేళ్ళ దాకా ముందుగా కట్టుకోవచ్చు. పదేళ్ళకి మించి ఎవడికీ ఇవ్వరు, ఎంత డబ్బున్నా సరే. గడువులో కౌలు కట్టినంత కాలం మనదే. గడువు దాటితే డాట్ కామ్ లాంటి వాటిలో మామూలుగా రిజిస్ట్రార్ కొన్నాళ్ళు చూస్తాడు. ఆ తర్వాత 30 రోజులు జరిమానాతో విడిపించుకునే వ్యవధి. ఆఖరికి 5 రోజులు ఆగి పేరుని బయటికి వదిలేస్తారు. వదిలిన క్షణంలో ఎత్తుకుపోవడానికి యంత్రాలు పెట్టుకుని కాసుకుని కూచునే కంపెనీలు ఉన్నాయి. గట్టు తెగితే చేప కోసం వల పట్టుకుని నిలబడ్డట్టు.

ఇది చిన్నవాళ్ళకే జరుగుతుందనుకోకండి. 1999 క్రిస్మస్ రోజుల్లో మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే తన పేరుకి రుసుము కట్టడం మర్చిపోయింది. లోకమంతా హాట్‌మెయిల్ తెరుచుకోక తల పట్టుకుంది. ఒక ప్రోగ్రామరు తన సొంత డబ్బు 35 డాలర్లు కడితే మళ్ళీ నడిచింది. పేరు మాత్రం తీసుకోకుండా కంపెనీకే వదిలేశాడు. అందరూ అంత పెద్దమనుషులు ఉంటారా?

దొంగ కాగితంతో పోయిన పేరు

భూమి విషయంలో మనం చూసిన మోసమే ఇంటర్నెట్లోనూ మొదటి రోజుల్లోనే జరిగింది. గ్యారీ క్రెమెన్ అనే అమెరికా ఆయన 1994లో ఒక డాట్ కామ్ పేరు నమోదు చేసుకున్నాడు. ఆ పేరు ఇక్కడ రాయడం బాగోదు, మూడక్షరాల ఇంగ్లీషు మాట. కోట్లు చేసే పేరని అప్పటికి ఆయనకే తెలియదు. 1995లో స్టీఫెన్ కోహెన్ అనే మోసగాడు, క్రెమెన్ కంపెనీ ఈ పేరు వదులుకుంటోందని ఒక దొంగ ఉత్తరం పుట్టించాడు. పేర్ల పుస్తకం చూసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ అసలు మనిషికి ఒక్క ఫోన్ కూడా చెయ్యకుండా పేరు మార్చేసింది. ఫోర్జరీ సంతకంతో రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే.

క్రెమెన్ ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగాడు. 2000లో పేరు వెనక్కి వచ్చింది. మోసగాడు 6.5 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పు వస్తే వాడు దేశం దాటి పారిపోయాడు. అప్పుడు క్రెమెన్ పుస్తకం చూసిన కంపెనీ మీద పడ్డాడు. నువ్వు అడక్కుండా ఎలా మార్చావు అని. కంపెనీ ఏమంది? పేరు అనేది ఆస్తి కాదు, చేత్తో పట్టుకునే వస్తువు కాదు, అంచేత మా బాధ్యత లేదంది. 2003లో అమెరికా అప్పీలు కోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. డొమైన్ పేరు ఆస్తే, దాన్ని పరాయివాడికి అప్పగిస్తే పుస్తకం చూసినవాడూ జవాబు చెప్పాలి అని తేల్చింది.

కాబట్టి కౌలు అని నేనన్నా, ఆ కౌలు హక్కుకి విలువ లేదని కాదు. గడువులో ఉన్న కౌలుదారుణ్ణి దౌర్జన్యంగా లేపడానికి ఎవడికీ హక్కు లేదు.

తెలుగువాళ్ళ పేర్లు కోర్టుకెక్కిన రోజులు

మన దేశంలో ఈ న్యాయం తేలడానికి ఆంధ్ర కంపెనీలే ఎక్కువ పని చేశాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

మొదటిది డాక్టర్ రెడ్డీస్. స్థాపించింది అంజిరెడ్డి గారు, గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు బిడ్డ. 1984లో హైదరాబాదులో మందుల కంపెనీ పెట్టారు. కంపెనీకి పేరుపొందాక, ఎవరో డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్ అనే మాటలతో డాట్ కామ్ పేరు నమోదు చేసేసుకున్నారు. 2001లో ఢిల్లీ హైకోర్టు ఆ పేరు వాడడానికి వీల్లేదని ఆపింది. డొమైన్ పేరంటే ఉత్త అడ్రసు కాదు, జనం నమ్మకం దాని మీద ఉంటుంది అన్నది అక్కడి న్యాయం. మందు బిళ్ళ మీద పేరు చూసే కదండీ మనం నమ్మి మింగేది.

రెండోది ఇంకా పెద్దది. పక్కనే భీమవరం వైపు నుంచి వెళ్ళిన రామలింగరాజు గారి సత్యం కంప్యూటర్స్ కింద సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ కంపెనీ ఉండేది. రెండు మాటల ముక్కలూ కలిపి సిఫీ అని కొత్త పేరు పుట్టించి, 1999లో సిఫీనెట్, సిఫీమాల్ లాంటి డొమైన్లు తీసుకున్నారు. 2001లో వేరే కంపెనీ ఒక్క అక్షరం ఒత్తు పెట్టి సిఫ్ఫీనెట్ అని మొదలెట్టింది. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు ఆపమంది. కర్ణాటక హైకోర్టు అక్కర్లేదంది. చివరికి సుప్రీం కోర్టుకి వెళ్ళింది.

2004 మే 6న జస్టిస్ రుమా పాల్ తీర్పు ఇచ్చారు. డొమైన్ పేర్ల కోసమంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, కానీ ఒకరి సరుకుని ఇంకొకరి సరుకుగా నమ్మించి అమ్మకూడదనే పాత న్యాయం దీనికీ వర్తిస్తుంది అని. రెండో కంపెనీ వాదన ఏమిటంటే, ఇది ఇంటి నంబరు లాంటి అడ్రసు, దీనికి హక్కేమిటి అని. కోర్టు వినలేదు. ఇంటర్నెట్లో అడ్రసే దుకాణం బోర్డు కూడా అని తేల్చింది. ఇప్పటికీ దేశంలో ఏ కోర్టులో డొమైన్ తగువు వచ్చినా ఈ కేసు పేరు చెప్పకుండా వకీళ్ళు కూచోరు.

దీనికి ఒక కొసమెరుపు ఉంది. 2009 జనవరిలో సత్యం కథ ఏమైందో అందరికీ తెలుసు. సత్యం అన్న పేరు కొన్నేళ్ళకి టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. అంతకు ముందే, 2005లో వేగేశ్న రాజు గారు సిఫీలో సత్యం వాటా తీసుకున్నారు. సిఫీ పేరు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. తల్లి చెట్టు పడిపోయినా కోర్టు కాపాడిన పిలక బతికింది.

ఇక మనిషి సొంత పేరు. అరుణ్ జైట్లీ గారు 2009లో తన పేరుతో డాట్ కామ్ తీసుకుందామంటే అప్పటికే ఎవరి చేతిలోనో ఉంది. అమ్ముతాం, ఇంత ధర అన్నారు. ఆయన వకీలు కూడా కదా, ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. 2011 జులై 4న తీర్పు ఆయనకి వచ్చింది. జనంలో అంత ప్రసిద్ధమైన పేరు మీద హక్కు ఆయనదే, వేరేవాడు దాచిపెట్టుకుని వ్యాపారం చెయ్యడం కుదరదు అని.

ఇక్కడ మనం మోసపోకూడదు. జైట్లీ గారు గెలిచింది ప్రసిద్ధి వల్ల. మన ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో నలుగురు సత్యనారాయణలు ఉంటారు. అందులో ఒకడు ముందు వెళ్ళి ఆ పేరు తీసుకుంటే మిగతా ముగ్గురూ అడగడానికి ఏమీ లేదు, వాడి పేరు కూడా అదే కదా. ఒకవేళ న్యాయం మన వైపున్నా ఖర్చు చూడండి. డాట్ కామ్ తగువు జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ దగ్గర పెట్టాలంటే ఫీజే 1,500 డాలర్లు. వెయ్యి రూపాయల పేరు కోసం లక్ష దాటుతుంది. అంచేత మామూలు రైతుకి కోర్టు ఆఖరి దారి. మొదటి దారి ముందే జాగ్రత్తగా ఉండడం.

ఇంటి అడ్రసు ఊరంతా

ఇప్పుడు రెండో ప్రశ్న. 1982 నాటి ఆ 'హూ ఈజ్' పుస్తకం ఏమైంది?

అలాగే ఉండిపోయింది. పదిమంది ఎరిగినవాళ్ళ కోసం పెట్టిన పుస్తకం కోట్లమందికి తెరిచి పెట్టారు. డాట్ కామ్ పేరు తీసుకున్నవాడి ఇంటి అడ్రసు, ఫోను, మెయిల్ లోకంలో ఎవడైనా పైసా ఖర్చు లేకుండా చూసే వీలుండేది. 2016లో మా మేనల్లుడు ఒక పేరు తీసుకుంటే, రెండో రోజు నుంచే ఫోన్లు. వెబ్‌సైట్ చేస్తాం, బొమ్మలు గీస్తాం, గూగుల్లో పైకి తెస్తాం అని. పొద్దున్న ఆరింటికి మొదలు. నంబరు ఎవరిచ్చారని అడిగితే ఒక్కడూ చెప్పడు. ఆ బహిరంగ పుస్తకం నుంచే యంత్రాలు తోడేసేవి.

ఫోన్లు పోనిద్దురూ, విసుగంతే. ఒంటరి ఆడపిల్ల సొంత పేరుతో ఏదైనా రాసుకుంటుంటే? ఊళ్ళో ఇసుక గురించో, రొయ్యల చెరువుల నీళ్ళు కొబ్బరి తోటల్లోకి రావడం గురించో ఎవరైనా ధైర్యంగా రాస్తే? వాళ్ళ ఇంటి గుమ్మం ఎక్కడుందో పుస్తకమే చూపిస్తుంటే ఎవరు రాస్తారు?

దీనికి వ్యాపారులు ఒక ఉపాయం కనిపెట్టారు, 2002 నుంచి. మీ పేరు బదులు మా పేరు రాయండి, ఏడాదికి కొంత ఇవ్వండి అని. మన భాషలో బినామీ. బినామీలో ఉన్న ప్రమాదం మనకి కొత్తగా చెప్పాలా? 2007లో రిజిస్టర్‌ఫ్లై అనే అమెరికా కంపెనీ కుప్పకూలింది. లక్షల పేర్లు దాని దగ్గర ఉన్నాయి. పేరు దాచుకున్నవాళ్ళందరికీ పుస్తకంలో ఆ కంపెనీ బినామీ సేవ పేరే ఉంది. నా పేరు నాదే అని చూపించడానికి కాగితం లేదు. ఆ పేర్లని గోడాడీ అనే ఇంకో కంపెనీకి అప్పగించారు. అసలు యజమానులెవరో తేల్చడానికి నానా తంటాలు పడ్డారు. దాచుకుంటే ఆస్తి పోతుందేమో, చూపిస్తే ఇల్లు బయటపడుతుందేమో. ఎటు తిరిగినా గొయ్యే.

మన డాట్ ఇన్ వాళ్ళు వేరే దారి పట్టారు. డాట్ ఇన్ 1989లో పుట్టినా మొదటి పదిహేనేళ్ళూ కట్టుదిట్టం ఎక్కువ. ముంబైలోని ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ సంస్థ చూసేది. 2004 దాకా మొత్తం 7 వేల పేర్ల చిల్లరే. 2005 ఫిబ్రవరి 16న తలుపులు తెరిచారు, ఎవరైనా తీసుకోవచ్చని. అయితే బినామీ సేవలు ఒప్పుకోం, అసలు మనిషి పేరే రాయాలి అని నియమం పెట్టారు. మన తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని చివరి పేరు కూడా ఇప్పుడు ఉంది, అదీ నిక్సీ చేతిలోదే.

మార్పు తెచ్చింది యూరపు. 2018 మే 25న అక్కడ వ్యక్తుల వివరాల రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. మనిషి అనుమతి లేకుండా ఇంటి అడ్రసు అందరికీ చూపిస్తే పెద్ద జరిమానా. దెబ్బకి ఐకాన్ వారం ముందే నియమాలు మార్చింది. ఆ రోజు నుంచి చాలా పేర్ల వివరాల చోట తెర పడింది. మన డాట్ ఇన్ పేర్లకి కూడా ఇప్పుడు వీధి, ఫోను కనపడవు. సంస్థ పేరు, రాష్ట్రం, దేశం వరకే కనిపిస్తాయి. 2025 జనవరి 28తో ఆ పాత 'హూ ఈజ్' పద్ధతి నడపాలన్న నిబంధన కూడా డాట్ కామ్ లాంటి వాటికి తీసేశారు, కొత్త పద్ధతి వచ్చింది.

మన దేశంలోనూ 2017 ఆగస్టులో తొమ్మిది మంది సుప్రీం కోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. 2023లో వ్యక్తిగత డిజిటల్ వివరాల రక్షణ చట్టం పార్లమెంటు చేసింది. అంటే 1908లో 3వ పుస్తకానికి, 4వ పుస్తకానికి వేసిన తాళం, ఇంటర్నెట్ పుస్తకానికి వెయ్యడానికి నూరేళ్ళు దాటి పట్టింది.

ఒక్క మాట. తెర పడకముందు నమోదైన వివరాలని అప్పుడే కాపీ కొట్టి దాచుకుని అమ్మే కంపెనీలు ఉన్నాయి. ఎగిరిపోయిన ఊక ఏరలేం. 2018కి ముందు ఇచ్చిన నంబరు ఎక్కడో ఉండే ఉంటుంది.

అన్నీ దాచేస్తే మంచిదేనా?

నేను ఒక వైపే చెప్తే తప్పు. పుస్తకం మూసేస్తే మోసగాడికీ చల్లనే. మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తయారుచేసేవాళ్ళ సంఘం పేరు మీద ఉంది, ఎన్నో ఏళ్ళ ఆడవాళ్ళ చేతి కష్టం అది. కానీ ఎక్కడో కూచున్నవాడు ఆత్రేయపురం అన్న మాట పెట్టి ఒక డొమైన్ తీసుకోవాలంటే అడిగేవాడు లేడు. భౌగోళిక గుర్తింపు చూసే ఆఫీసుకీ, డొమైన్ ఇచ్చే కంపెనీకీ మధ్య దారి లేదు. జరిగాక మనమే వెళ్ళి తగువు పెట్టాలి. వాడెవడో తెలుసుకోబోతే తెర అడ్డం. మొక్కలు పంపుతామని డబ్బు కట్టించుకుని మాయమయ్యే వెబ్‌సైట్ల కథా ఇంతే. అలాంటిది జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు దొరకదు.

నా ఉద్దేశం 1908 వాళ్ళ పద్ధతే సరైనది. వ్యాపారం చేసేవాడు దుకాణం బోర్డు మీద పేరు రాయాలి, కొనేవాడికి అడిగే హక్కుంది. సొంత మాటలు రాసుకునేవాడి ఇంటి గుమ్మం ఎవడికీ అక్కర్లేదు. కోర్టో పోలీసో కారణం రాసిచ్చి అడిగితే తెర తియ్యాలి, ఊరికే అడిగితే కాదు.

మన దగ్గర పేర్లు ఎలా పోతున్నాయి

ఫోర్జరీలు, సుప్రీం కోర్టులు అలా ఉంచండి. మన పల్లెల్లో పేరు పోయే దారి చాలా చిన్నది. వెబ్‌సైట్ చేసే కుర్రాడికి డబ్బులిచ్చి అంతా నువ్వే చూసుకో అంటాం. వాడు తన మెయిల్‌తో, తన ఫోన్‌తో, తన పేరు మీదే డొమైన్ తీసేస్తాడు. చెడ్డవాడై కాదు, సులువని. మూడేళ్ళకి మన సరుక్కి పేరొచ్చాక వాడు దుబాయ్ వెళ్ళిపోయాడనుకోండి, లేదా మాటామాటా వచ్చిందనుకోండి. గుర్తింపు మనది, డబ్బు మనది, పుస్తకంలో పేరు వాడిది. రసీదు చూపిస్తే ఏ రిజిస్ట్రారూ వినడు, పుస్తకంలో ఎవరుంటే వాళ్ళే. పొలం కొని దస్తావేజు పాలేరు పేరున రాయించినట్టు.

అంచేత పేరు తీసుకునేటప్పుడు ఇవి చూసుకోండి.

ఒకటి, హక్కుదారు అనే చోట మీ పేరే ఉండాలి. రైతు సంఘమైతే సంఘం రిజిస్టరు పేరు ఉండాలి, ప్రెసిడెంటు గారి పేరు కాదు. ప్రెసిడెంట్లు మారతారు.

రెండు, అక్కడ ఇచ్చే మెయిల్ మీ చేతిలో ఉండాలి. ఇంట్లో ఇంకొకరికి కూడా దాని తాళం తెలియాలి. మనిషి పోతే పేరూ పోకూడదు కదా. పొలం కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఇంట్లో చెప్పినట్టే ఇదీ చెప్పండి.

మూడు, సంఘానికైతే విడిగా ఒక ఫోన్ నంబరు, ఆఫీసు అడ్రసు ఇవ్వండి. ఇంటి అడ్రసు, ఆడవాళ్ళ సొంత నంబర్లు ఇవ్వొద్దు. అలాగని దొంగ అడ్రసు మాత్రం రాయకండి, తప్పు వివరాలుంటే పేరు రద్దు చేసే హక్కు వాళ్ళకుంది.

నాలుగు, పేరు బదిలీ కాకుండా తాళం అని ఒకటి ఉంటుంది, అది వేసి ఉందో లేదో చూడండి. గడువు తేదీ కేలండర్లో దింపు తేదీ పక్కన రాసుకోండి. వీలైతే మూడేళ్ళకో ఐదేళ్ళకో ముందే కట్టండి.

ఐదు, అమ్మకం చేసే పేరైతే ట్రేడ్ మార్కు కూడా విడిగా తీసుకోండి. డొమైన్ కౌలు కాగితం, ట్రేడ్ మార్కు దానికి బలమిచ్చే హక్కు. సిఫీ వాళ్ళు గెలిచింది, ఆ పేరు మీద ముందు నుంచీ తాము చేసిన వ్యాపారం, సంపాదించిన నమ్మకం చూపించే.

ఇప్పటికే వెబ్‌సైట్ ఉన్నవాళ్ళు ఈ రోజే పిల్లల చేత ఒక్కసారి వెతికించండి, మీ పేరు ఎవరి పేరున ఉందో. వివరాలు తెర వెనక ఉంటే చేసిన కుర్రాణ్ణి పిలిచి అతని ఖాతా తెరిపించి కళ్ళతో చూడండి. మంచిగా ఉన్నప్పుడే మార్పించుకోండి. ఈసీ తియ్యకుండా సెంటు భూమి కొనని మనం, ఇరవై ఏళ్ళ గుర్తింపుని చూడకుండా వదిలెయ్యడం ఎందుకండీ?